రిపీటర్‌ను ఎవరో కావాలని చెడగొడుతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న

అన్నా, నమస్తే. మాది నల్లగొండ దగ్గర పల్లె. సర్కారు బడిలో సైన్స్ చెప్తాను. రెండేళ్ల కింద అమెచ్యూర్ రేడియో (హ్యామ్) లైసెన్స్ కోసం ఏఎస్ఓసీ పరీక్ష రాసి వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో చెప్పుకునే గుర్తింపు పేరు, తెచ్చుకున్నాను. మా సీనియర్ ఒకాయన గుట్ట మీద నడిపిస్తున్న వీహెచ్ఎఫ్ రిపీటర్‌లో (మా సెట్ల సిగ్నల్‌ను అందుకుని దూరానికి మళ్లీ పంపే పెట్టె) పది పన్నెండు మందిమి రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు నెట్, అంటే రేడియోలో అందరం కలిసే ముచ్చట, పెట్టుకుంటాం. మూడు నెలల నుంచి ఎవరో దాన్ని కావాలని చెడగొడుతున్నారు. మేం మాట్లాడుతుంటే మాటా పలుకూ లేకుండా క్యారియర్, అంటే ఉత్త సిగ్నల్, వేసి పట్టుకుంటాడు. కొన్ని రోజులు పాటలు పెడతాడు, కొన్ని రోజులు మా గొంతుల్ని వెక్కిరిస్తాడు. ఒకసారి నా కాల్‌సైన్ చెప్పి నాలాగే మాట్లాడాడు. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఈ మధ్యే లైసెన్స్ తెచ్చుకుని నెట్‌లోకి వస్తుండేది. ఆమె మైక్ తీసుకున్నప్పుడు పాడు మాటలు అన్నాడు. పదిహేను రోజులైంది, ఆమె రావడం లేదు. మాలో కొందరు వాడిని మైక్ మీదే తిడుతున్నారు. ఇంకొందరు పాత మెంబర్ ఒకాయన పేరు చెప్పి ఆయనే అంటున్నారు. రాత్రి ఎనిమిదైతే టెన్షన్ మొదలవుతోంది. వాడిని ఎట్లా పట్టుకోవాలి? లేకపోతే రిపీటరే బంద్ పెట్టుకోవాలా?

— ఒక వీయూ3, నల్లగొండ జిల్లా

సమాధానం

తమ్ముడూ,

నువ్వు అడిగిన రెండింటికీ జవాబు చెప్తాను. ముందు ఆ అమ్మాయి సంగతి. పదిహేను రోజులైంది, ఆమె రావడం లేదు అని ఒక్క ముక్కలో రాసి ముందుకు పోయావు. నేను అక్కడే ఆగిపోయాను. ఈ పదిహేను రోజుల్లో మీ పన్నెండు మందిలో ఎవరైనా ఆమెకు ఫోన్ చేశారా? చేయకపోతే, తనను అన్న మాటలు అందరూ విన్నారు, ఎవరికీ పట్టలేదు అని ఆమె అనుకుంటూ ఉంటుంది. ఇవాళే చెయ్యి. నీ భార్యతో చేయిస్తే ఇంకా మంచిది. ఇంట్లో చెప్పిందో లేదో ముందు కనుక్కోండి. చెప్పకపోయి ఉంటే మీరు నేరుగా వాళ్లింటికి పోకండి, ఆ పిల్ల సెట్టు శాశ్వతంగా అటక ఎక్కుతుంది. ఆమె తప్పేమీ లేదని, ఆ రాత్రి జరిగింది మీరంతా విన్నారని, అవసరమైతే సాక్ష్యం చెప్తారని చెప్పండి. "లైట్ తీస్కో అమ్మా" అని మాత్రం ఎవరూ అనొద్దు. ఆమె లైట్ తీసుకోలేదు కాబట్టే రావడం లేదు.

స్త్రీని అవమానించాలని అన్న మాట భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద నేరం. రేడియోలో అన్నంత మాత్రాన అది మాట కాకుండా పోదు. జిల్లా షీ టీమ్‌కు చెప్పుకోవచ్చు. చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికి వదిలేయండి, మీ తరఫున తొందర పెట్టకండి, అడ్డం కూడా పడకండి.

2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్ నుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడడానికి వెళ్లారు. 26వ తేదీ పొద్దున భూకంపం, సునామీ. ఫోన్లు పోయాయి. దీవుల క్షేమ సమాచారం బయటికి చేరవేసిన గొంతుల్లో ఆమెది ముఖ్యమైనది. ఈ సంగతి బడిలో నీ పిల్లలకు చెప్పే ఉంటావు. మన నెట్‌లో ఒక ఆడపిల్ల గొంతు మూగబోయిందంటే అది రిపీటర్ చెడిపోవడం కన్నా పెద్ద నష్టం. అందుకే ఇంత రాశాను.

ఇక వాడి సంగతి.

వాడు రాత్రి ఎనిమిదిన్నరకు సెట్ ఆన్ చేసేది మీ గొంతులో కోపం వినడానికి. ఎవడ్రా నువ్వు, దమ్ముంటే కాల్‌సైన్ చెప్పు అని మీలో ఒకాయన అరిచిన ప్రతిసారీ వాడికి కడుపు నిండుతుంది. మీరు తిట్టిన తిట్టు వాడికి సిగ్నల్ రిపోర్ట్ లాంటిది: నువ్వు బ్రహ్మాండంగా అందుతున్నావు అని మీరే చెప్తున్నారు. కాబట్టి ఇవాళ్టి నుంచి వాడి గురించి గాలిలో ఒక్క మాట కూడా వద్దు. తిట్టొద్దు, బతిమాలొద్దు, రూల్స్ చదివి వినిపించొద్దు. ఎవరో డిస్టర్బ్ చేస్తున్నారు అని కూడా అనొద్దు. మాట మధ్యలో తెగితే నెట్ కంట్రోల్ చేసేవాళ్లు (ఎవరి వంతు ఎప్పుడో చెప్పేవాళ్లు) మామూలు గొంతుతో "మీ చివరి మాట అందలేదు, మళ్లీ చెప్పండి" అంటే చాలు. బస్సు హారన్‌కు మాట పోతే ఎట్లా అంటామో అట్లా. మళ్లీ పోతే ఇంకొకరిని పిలవాలి. అసలే నడవకపోతే ముందే ఫోన్‌లో అనుకున్న సింప్లెక్స్ ఫ్రీక్వెన్సీకి, అంటే రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీకి, పోవాలి. ఎక్కడికి పోతున్నామో రిపీటర్ మీద చెప్పొద్దు.

ఇది వినడానికి తేలికే, చేయడం కష్టం. నాలుగు రోజులు మీరు మౌనంగా ఉంటే ఐదో రోజు వాడు రెట్టింపు చేస్తాడు, ఎందుకంటే వాడికి అందాల్సింది అందడం లేదు. మీలో ఒక్కరు నోరు జారితే మళ్లీ మొదటికొస్తుంది. పన్నెండు మందీ ఒక ఆదివారం ఎదురెదురుగా కూర్చుని, చాయ్ తాగుతూ ఈ ఒక్క మాట మీద నిలబడండి. కోపిష్టి మనిషి ఎవరో మీకు తెలుసు. ఆయన్ని వారం రోజులు నెట్‌లో వినే పనికే పెట్టండి, ఏం జరిగిందో రాసే లాగ్ పుస్తకం ఆయన చేతికివ్వండి.

నెట్ కంట్రోల్ ఎవరు చేయాలన్నది కూడా ఆలోచించండి. ఎఫ్ఎంలో ఒక గుణం ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు సిగ్నళ్లు వస్తే బలమైనది బలహీనమైనదాన్ని మింగేస్తుంది. రెండూ దాదాపు సమానమైతే గుర్రుమని రొద వస్తుంది. డాబా మీద యాగీ (ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెనా) పెట్టుకుని గుట్ట వైపు తిప్పుకున్న మనిషి నెట్ కంట్రోల్ అయితే, చేతిలో పట్టుకునే సెట్టుతో ఆడేవాడు ఆయన్ని నొక్కలేడు. ఇది పవర్ పోటీ కోసం చెప్పడం లేదు. వాడి మీదికి క్యారియర్ వేసి నొక్కితే మీరు చేసేదీ జామింగే.

ఇప్పుడు అసలు పని. నువ్వు రాసినవన్నీ ఒక్కడే చేస్తున్నాడని ఎట్లా తెలుసు? పాటలు, వెక్కిరింపులు, నీ కాల్‌సైన్ దొంగిలించడం, ఇవి కావాలని చేసినవే, అనుమానం లేదు. మాటా పలుకూ లేని క్యారియర్ మాత్రం వేరే కథ కావొచ్చు.

చాలా ఏళ్ల కింద నేను మహబూబ్‌నగర్‌లో ఉన్నప్పుడు మాకూ ఇట్లాంటి తంటా వచ్చింది. సాయంత్రం ఆరూ ఏడూ మధ్య రిపీటర్ మీద ఒక క్యారియర్ లేచేది. మూడు నిమిషాలకు టైమర్ కొట్టి రిపీటర్ మూగబోయేది. వాడు వదిలేదాకా ఎవరికీ పనిచేసేది కాదు. అందరం రగిలిపోయాం. కొన్నాళ్ల ముందు ఒక సభ్యుడితో మాకు లొల్లి అయింది, కాబట్టి అతనే అని తీర్మానించాం. పలకరింపులు బంద్ చేశాం. చేసేది అందరికీ తెలుసు అని మైక్ మీద సూటిపోటి మాటలు అన్నాం. నేనూ అన్నాను. ఒకరోజు సాయంత్రం ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ, అంటే రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీ, పెట్టి, సౌండ్ మొత్తం పెంచి, సెట్‌ను చెవికి ఆనించుకుని విన్నాను. మొదట గాలి హోరు. కాసేపటికి టిక్, టిక్, టిక్ అని ఇండికేటర్. బండి ఆగింది. తలుపు చప్పుడు. దూరంగా "రెండు కిలోలు చాలు" అని ఒక గొంతు, కవర్ గలగల, మళ్లీ తలుపు, మళ్లీ ఇంజిన్. ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలిసింది. అందరికన్నా గట్టిగా మండిపడుతున్న మా మిత్రుడిదే. ఆఫీసు నుంచి ఇంటికి పోయేటప్పుడు ఆయన కారు మైక్ సీటుకూ హ్యాండ్ బ్రేక్‌కూ నడుమ జారి పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కుకుపోతోంది. ఆయనకే తెలియదు. అప్పటికి మేం అనుమానించిన మనిషి సెట్ అమ్మేసి హాబీ వదిలేసి వెళ్లిపోయాడు. తర్వాత వెళ్లి క్షమించమని అడిగాం. క్షమించాడు, కానీ తిరిగి రాలేదు. ఇప్పటికీ ఎదురైతే నాకు ముఖం చెల్లదు.

అందుకని పాత మెంబర్ పేరు మీ నోటి నుంచి రాకూడదు. లెక్క తేలేదాకా గ్రూపులోనూ వద్దు, చాయ్ దగ్గరా వద్దు. మనిషికి ఇజ్జత్ ఒకసారి పోతే రికార్డింగ్ చూపించినా తిరిగి రాదు.

కారు మైకే కాదు, ఫంక్షన్ హాళ్లను కూడా చూసుకో. ఆన్‌లైన్‌లో కొన్న చవక సెట్లు పెళ్లి మేనేజర్లు, కెమెరా వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు వాడుతున్నారు. లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ పవర్‌తో వీలుంది. కానీ ఆ సెట్లు ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నాయో వాడేవాళ్లకే తెలియదు. ఇట్లాంటి సెట్లను ఎడాపెడా అమ్మడం మీద 2025లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా తెచ్చింది. ముహూర్తాలున్న రోజుల్లోనే క్యారియర్లు ఎక్కువైతే సమాధానం పంచాంగంలోనే దొరుకుతుంది.

మీ రిపీటర్ ఇన్‌పుట్‌కు సీటీసీఎస్ఎస్ టోన్ (మాటతో పాటు పోయే గుర్తు శబ్దం, అది లేని సిగ్నల్‌ను రిపీటర్ పట్టించుకోదు) పెట్టారా? పెట్టకపోతే మీ సీనియర్‌కు చెప్పి పెట్టించు. 67.0 నుంచి 254.1 హెర్ట్జ్ దాకా చాలా టోన్లున్నాయి, ఏదో ఒకటి. తెలియక వచ్చి పడే సిగ్నళ్లు చాలావరకు ఆగిపోతాయి. కావాలని చేసేవాడు మాత్రం ఆగడు. మీలో ఒకరి సిగ్నల్ నేరుగా అందితే టోన్ స్కాన్ చేసి కనుక్కుంటాడు. అదీ మనకు లాభమే. టోన్ మార్చిన తర్వాత కూడా వస్తున్నాడంటే వాడికి రేడియో తెలుసు, మిమ్మల్ని శ్రద్ధగా వింటున్నాడు అని తేలుతుంది. ఎన్‌క్రిప్షన్ పెట్టుకుందామని ఎవరైనా అంటే వినకు, హ్యామ్ బ్యాండ్లలో మాటను దాచి పంపడానికి వీల్లేదు.

లాగ్ రాయండి. పాత నోట్‌బుక్ చాలు. తేదీ, మొదలైన టైమ్, ఆగిన టైమ్, ఏం వచ్చింది, ఎవరు మాట్లాడుతుండగా వచ్చింది, ఇన్‌పుట్‌లో ఎవరికి ఎన్ని బార్లు అందింది. ఎవరు చేసి ఉంటారో రాయకండి. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి, ఆ రికార్డింగులు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి తీరిగ్గా వినండి. వాడి గొంతు కన్నా వెనక చప్పుళ్లు ఎక్కువ చెప్తాయి. టీవీలో ఏదో సీరియల్, మసీదు నుంచి అజాన్, రైలు కూత. నల్లగొండ మీదుగా సికింద్రాబాద్–గుంటూరు లైన్ పోతుంది. కూత వినిపించిన నిమిషం లాగ్‌లో ఉంటే ఆ టైమ్‌కు ఏ రైలు ఎక్కడుందో ఫోన్‌లో చూసుకోవచ్చు.

ఇన్‌పుట్ వినడం గురించి కాస్త వివరంగా చెప్తాను, కొత్తవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. మీకు రోజూ వినిపించేది గుట్ట మీది రిపీటర్ సిగ్నల్. వాడు నార్కట్‌పల్లిలో ఉన్నా తిప్పర్తిలో ఉన్నా మీ సెట్‌లో అవే ఫుల్ బార్లు. ఆ సిగ్నల్ వైపు యాంటెనా తిప్పితే గుట్ట దొరుకుతుంది, వాడు దొరకడు. మన 2 మీటర్ల బ్యాండులో రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో వింటుంది, సాధారణంగా 600 కిలోహెర్ట్జ్ పైన మాట్లాడుతుంది. ఉదాహరణకు మీకు 145.750 మెగాహెర్ట్జ్‌లో వినిపిస్తుంటే వాడు 145.150లో పంపుతున్నట్టు. చాలా సెట్లలో రివర్స్ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే సెట్ ఇన్‌పుట్ వింటుంది. అప్పుడు నీకు వాడి సిగ్నల్ నేరుగా అందితే, అందిన బలం వాడు నీకు ఎంత దగ్గరో చెప్తుంది.

పన్నెండు మంది ఉన్నారు కదా, అదే మీ ఆస్తి. వాడు వచ్చిన క్షణం ఎవరూ మాట్లాడకుండా అందరూ రివర్స్ నొక్కి బార్లు చూసి రాసుకోండి. గాలిలో చెప్పుకోకండి. నెట్ అయ్యాక ఫోన్‌లో పోల్చుకోండి. కట్టంగూరులో ఏమీ రాలేదు, పానగల్‌లో రెండు బార్లు, పట్టణంలో ఒకాయనకు నిండుగా వచ్చింది అనుకో. ఇల్లు కదలకుండానే జిల్లా అంత వెతుకులాట రెండు మూడు వార్డులకు దిగింది. వారం రోజులు ఇట్లా చేస్తే అంకెలు ఒకదానికొకటి కుదురుతాయి. కుదరకపోతే వాడు బండిలో తిరుగుతున్నాడనో, ఇద్దరున్నారనో అర్థం. ఈ పనికి గుట్ట దగ్గర మాత్రం కూర్చోవద్దు, రిపీటర్ సిగ్నల్ జోరుకు చేతిలో సెట్ చెవిటిదైపోతుంది.

తర్వాత దిశ పట్టడం. దీనికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. సెట్‌ను నిటారుగా ఛాతీకి ఆనించి పట్టుకుని, నిలబడ్డ చోటే మెల్లగా గుండ్రంగా తిరుగు. మన ఒళ్లు సిగ్నల్‌కు గోడలా అడ్డం పడుతుంది. బార్లు బాగా పడిపోయిన చోట ఆగు. అప్పుడు సిగ్నల్ వస్తున్నది నీ వీపు వైపు నుంచి. మొదటిసారి నమ్మబుద్ధి కాదు, రెండు మూడుసార్లు తిరిగి చూస్తే నమ్ముతావు.

ఇంకా కచ్చితంగా కావాలంటే కొలత టేపుతో మూడు ఎలిమెంట్ల యాగీ చేసుకోండి. హార్డ్‌వేర్ షాపులో అంగుళం వెడల్పు స్టీల్ టేపు, అరంగుళం పీవీసీ పైపు, దానికి క్రాస్‌లు, టీలు, హోస్ క్లాంపులు దొరుకుతాయి. వెనక ముక్క 105 సెంటీమీటర్లు, ముందు ముక్క 89. నడుమ కేబుల్ తగిలించే రెండు ముక్కలు ఒక్కోటి 45. వెనక ముక్కకూ నడుమ ముక్కకూ మధ్య 20 సెంటీమీటర్లు, నడుమ ముక్కకూ ముందు ముక్కకూ మధ్య దాదాపు 32. నడుమ రెండు ముక్కలకు కేబుల్ సోల్డర్ చేసే చోట పన్నెండున్నర సెంటీమీటర్ల తీగను యూ ఆకారంలో వంచి రెంటికీ కలపాలి. టేపు మీద పసుపు రంగు గీకి మెరుపు తేలితే తప్ప సోల్డర్ అంటదు, అక్కడే అందరూ విసుక్కుంటారు. గీకేటప్పుడు టేపు అంచు చేతిని కోస్తుంది, గుడ్డ చుట్టుకో. పట్టుకునేటప్పుడు ఎలిమెంట్లు నిలువుగా ఉండాలి, హ్యాండ్‌హెల్డ్ యాంటెనాలన్నీ నిలువే కాబట్టి. తలుపు సందుల్లోంచి, చెట్ల కింది నుంచి దూరినా టేపు వంగి మళ్లీ నిలబడుతుంది. అందుకే అల్యూమినియం కన్నా ఇదే నాకిష్టం.

ఎత్తు మీద, ఖాళీ చోట నిలబడి దిశ చూడాలి. పానగల్‌లో ఉదయసముద్రం కట్ట మంచి చోటు, చుట్టూ అడ్డం లేదు. అక్కడినుంచి వచ్చిన దిశను మ్యాప్ మీద గీత గీయండి. అదే సమయానికి ఇంకొకరు వేరే దిక్కున, వీలైతే మొదటి గీతకు అడ్డంగా పడే చోటునుంచి చూడాలి. మూడో మనిషి ఇంకో చోట. మూడు గీతలూ కలిసే చోట ఒక చిన్న త్రికోణం వస్తుంది, వెతకాల్సింది దాని లోపల. పట్టణంలో నిలబడి చూస్తే కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట సిగ్నల్‌ను తిప్పికొట్టి మోసం చేస్తాయి. గుట్ట రాతిలోంచి వస్తున్నట్టు చూపిస్తుంది. అట్లా వస్తే చోటు మార్చి మళ్లీ చూడాలి, ఒక్క గీతను ఎప్పుడూ నమ్మొద్దు.

బాగా దగ్గరికి వచ్చాక అన్ని దిక్కులా ఫుల్ బార్లే చూపిస్తుంది. అప్పుడు యాంటెనా తీసేయండి, లేదా ఫ్రీక్వెన్సీని కొద్దిగా పక్కకు జరపండి. ఇంకో కిటుకు: ఇన్‌పుట్‌ను మూడుతో గుణించి యూహెచ్ఎఫ్‌లో వినండి. 145.150కి మూడింతలు 435.450. చవక సెట్లు అక్కడ కూడా కొంచెం చిమ్ముతాయి, అది దగ్గర్లోనే వినిపిస్తుంది. అక్కడ అందిందంటే వాడు అదే గల్లీలో ఉన్నాడు.

ఇక ఆగాల్సింది ఇక్కడే. తలుపు తట్టకండి. గుంపుగా పోకండి. ఇంటి ముందు వీడియో తీసి గ్రూపులో పెట్టకండి. గీతలు ఆ ఇంటి మీద కలిసినా, ఆ ఇంట్లో ఎవరు మైక్ నొక్కారో గీతలు చెప్పవు. ముసలి తల్లిదండ్రులు ఉండొచ్చు, పదో తరగతి పిల్లాడు ఉండొచ్చు.

వాడికి లైసెన్స్ ఉందని తేలితే, మీలో వాడు గౌరవించే పెద్దమనిషి ఒక్కరు ఒంటరిగా పోయి మాట్లాడాలి. నేను చూసినంతలో ఇట్లాంటి పని చేసేవాళ్లలో చాలామంది ఒకప్పుడు నెట్‌లో ఉన్నవాళ్లే, ఎక్కడో మనసు కష్టపెట్టుకున్నవాళ్లే. కొత్తలో ఏదో తప్పు మాట్లాడితే అందరి ముందూ కసురుకుని ఉంటారు. అది తప్పును మాఫీ చేయదు, ఆ అమ్మాయిని అన్న మాటలను అసలే చేయదు. కానీ నీ సిగ్నల్ ఎక్కడినుంచి వస్తుందో మాకు తెలుసు, ఇది ఇక్కడితో ఆపు అని మెల్లగా చెప్తే ఆగిపోయినవాళ్లున్నారు. ఆ అమ్మాయి ఫిర్యాదు చేయాలనుకుంటే మాత్రం ఈ మాటామంతీ ఏదీ వద్దు, దాన్ని పంచాయితీతో సర్దేయకండి.

లైసెన్స్ లేనివాడైనా, చెప్పినా విననివాడైనా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. టెలికమ్యూనికేషన్ల శాఖ కింద వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ ఉంది, హైదరాబాద్‌లో దాని స్టేషన్ ఉంది. రిపీటర్ బాధ్యుడు, అంటే మీ సీనియర్, తన కాల్‌సైన్‌తో సంతకం పెట్టాలి. లాగ్ కాపీ, రికార్డింగులు, గీతలు గీసిన మ్యాప్ జత చేయాలి. చట్టం మీ వైపే ఉంది. గుర్తింపు చెప్పకుండా, తప్పుడు గుర్తింపుతో ప్రసారం చేయడాన్ని అంతర్జాతీయ రేడియో నిబంధనల 15వ ఆర్టికల్ నిషేధిస్తుంది. 1978 నాటి మన అమెచ్యూర్ సర్వీస్ నియమాలు కూడా కాల్‌సైన్ చెప్పాల్సిందే అంటాయి, బూతులకూ పాటలకూ ఒప్పుకోవు. లైసెన్స్ లేనివాడి మీద 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఉంది. మరుసటి రోజే జీపు వస్తుందని అనుకోకు. కానీ ఉత్త ఆరోపణకూ, ముప్పై రోజుల లాగ్‌కూ ఆఫీసులో విలువ వేరు. నీ కాల్‌సైన్ దొంగిలించిన సంగతిని వేరే ఉత్తరంగా, తేదీ టైమ్‌తో, నీ సంతకంతోనే పంపు. రేపు వాడు నీ పేరు మీద ఇంకేదైనా చేస్తే ఆ కాగితం నిన్ను కాపాడుతుంది.

రిపీటర్ బంద్ పెట్టాలా అన్నావు. కొన్ని గంటలు, కొన్ని రోజులు ఆపుకునే హక్కు మీ సీనియర్‌కు ఉంది. బూతులు మొదలైన నిమిషంలో ఆయన కంట్రోల్ కోడ్ కొట్టి ఆపేయాలి, ఆపుతున్నానని గాలిలో చెప్పకుండానే. వాడికి వినిపించేది నిశ్శబ్దం కావాలి. పూర్తిగా మూసేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. 2009 అక్టోబర్‌లో కృష్ణ, తుంగభద్ర పొంగి ఆలంపూర్ వైపు ఊళ్లు మునిగాయి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో కురిసిన వానకు సూర్యాపేట జిల్లాలో కోదాడ వైపు రోడ్లు తెగాయి. అట్లాంటి రాత్రి సెల్ టవర్‌కు కరెంటు పోతే, గుట్ట మీద బ్యాటరీతో నడిచే ఆ పెట్టె మీ మండలాలను కలుపుతుంది. ఎవడో ఒకడు పాటలు పెడుతున్నాడని దాన్ని మనమే చంపుకోవద్దు.

దిశ పట్టడం ఒక్కరోజులో చేతికి రాదు, అసలైన వేటకు ముందు సాధన కావాలి. వచ్చే ఆదివారం పొద్దున పానగల్ కట్ట దగ్గర ఫాక్స్ హంట్ పెట్టుకోండి. ఒకరు అర వాట్ సెట్‌తో గుడి వైపో చెరువు వైపో దాక్కుని, సింప్లెక్స్‌లో రెండు నిమిషాలకోసారి కాల్‌సైన్ చెప్పాలి. మిగతావాళ్లు వెతకాలి. బడి పిల్లలను కూడా నలుగురిని తీసుకుపో, వాళ్లు వినొచ్చు, వెతకొచ్చు, మైక్ మాత్రం లైసెన్స్ ఉన్నవాళ్ల చేతిలోనే ఉండాలి. ఆ అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు దీనికి రమ్మని అడుగు. రిపీటర్ లేదు, రాత్రి లేదు, ఎవడి గొంతూ లేదు, తెలిసిన మనుషుల మధ్య పగటిపూట కట్ట మీద నడక. వస్తే టేపు యాంటెనా మొదట ఆమె చేతికే ఇవ్వండి. రాకపోతే మళ్లీ మరుసటి ఆదివారం అడగండి.

నెల రోజుల లాగ్ పూర్తయ్యాక కాపీ నాకు పంపు, కలిసి చూద్దాం. 73, అంటే హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు.